వదిన ఒక్క గిన్నె వంట

మా వదిన పోయిందన్న కబురు పొద్దున్నే వచ్చింది. కద్మాలో నేనుంటున్న గది ముందు మొహం కడుక్కుంటున్నాను. అన్నయ్యతో కలిసి పనిచేసే ఆయన సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకి ఆనించి, "మీ వొదిన రాత్రి పోనాదండి. గుండె అంటన్నారు. అన్నగారు రమ్మన్నారు" అని చెప్పాడు. నేను భుయ్యాడీహ్‌లో అన్నయ్య ఇంటికి చేరేసరికి వాకిట్లో జనం నిండి ఉన్నారు. వదినను చాప మీద పడుకోబెట్టారు. అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

నేను వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. సువర్ణరేఖ నది ఒడ్డుకి తీసుకెళ్ళే ఏర్పాట్లు ఇంకా మొదలుకాలేదు. నా వెనక, నెల కిందటే ఊరి నుంచి చూడటానికి వచ్చి ఉన్న మా మేనత్త అన్నయ్యతో అంటున్న మాటలు వినిపించాయి.

"పెద్దకర్మకి గారెలు, బూరెలు తప్పవు. పులిహోర ఉండాల. పప్పు, రెండు కూరలు, పులుసు. జనం నోరు మంచిది కాదురా. బతికినన్నాళ్ళూ కిచిడీ పెట్టింది, సచ్చాక కూడా అదే పెట్టారంతారు."

ఎవరో సన్నగా నవ్వారు. ఏడుపు రావలసిన చోట నాకు వికారం వచ్చింది. లేచి బయటికి పోయి కాలవ పక్కన నిలబడ్డాను.

వదిన గురించి నాలుగు మాటలు రాయమని మన తెలుగువాళ్ళ పత్రిక నడిపేవారు అడిగారు. మంచి మాటలే రాయాలనుకున్నాను. కానీ ఆమె గురించి నిజం రాయాలంటే, ఇన్నేళ్ళూ ఆమె ఎవరి మధ్య బతికిందో కూడా రాయాలి. అది రాయడం మొదలుపెట్టగానే నాకు మళ్ళీ అదే వికారం వస్తోంది. చదివేవారు ఓర్చుకోవాలి.

నేను బళ్ళో చదువుకున్నవాణ్ణి కాను. పచారీ సామాను కట్టి ఇచ్చిన కాగితాలు చదివి అక్షరాలు పట్టుకున్నాను. బిష్టుపూర్‌లో ఒక ఇనుప సామాన్ల కొట్లో లెక్కలు రాస్తాను. ఇంటికొచ్చాక నా సొంత జమాఖర్చు రాసుకుని పడుకుంటాను. మాట్లాడటం తక్కువ. వదిన అనేది, "మా మరిది నోట్లోంచి మాట రావాలంటే ముందర వోచరు రాయాల" అని.

డెబ్బైల మొదట్లో ఊరి నుంచి వచ్చి అన్నయ్య ఇంట్లో దిగాను. రెండు గదులు, ముందు చిన్న వసారా, ఆ వసారాలోనే బొగ్గుల పొయ్యి. సందు మొగలో నాలుగిళ్ళకి ఒక కొళాయి. కొళాయి పక్కన మురుక్కాలవ, కాలవ ఒడ్డున ఒక బండ. ఆ బండ మీదే అంట్లు తోమాలి.

అన్నయ్య కర్మాగారంలో క్రేను తోలేవాడు. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. పిల్లలిద్దరూ దీపాలు పెట్టగానే తినేవారు. నేను కొట్టు కట్టేశాక వచ్చేవాణ్ణి. అన్నయ్య ఏ వేళకి వస్తే ఆ వేళకి. ఎవరికి వాళ్ళకి వేడిగా కావాలి. అన్నం, పప్పు, కూర, పులుసు, పచ్చడి. ఒక్కోదానికి ఒక గిన్నె, ఒక్కో గిన్నెకి ఒక మూత, ఒక గరిటె. అన్నయ్యకి పచ్చడి కంచంలో వేస్తే కూడదు, పక్కన చిన్న గిన్నెలో ఉండాలి. పులుసు పప్పులో కలవకూడదు. తినేసి చెయ్యి కంచంలోనే కడిగేసి లేచిపోయేవాడు. ఆ కంచంలో నీళ్ళమీద నూనె తెట్టు, మధ్యలో నమిలి వదిలిన మునక్కాయ పిప్పి, కరివేపాకు, ఒక్కోసారి ఆర్పిన బీడీ ముక్క.

ఆ బండ దగ్గర ఒక్క పూట కూర్చున్నవాళ్ళకి తిండి మీద ఇష్టం పోతుంది. కాలవలో కొట్టుకొచ్చే పై ఇళ్ళవాళ్ళ ఎంగిలి, గిన్నె అడుగున పేరుకున్న చల్లారిన నూనె, ఈగలు. బూడిద, చింతపండు, కొబ్బరి పీచు. చలికాలంలో ఆ నీళ్ళు ఇనుములా ఉండేవి. వదిన వేళ్ళ సందులు నానీ నానీ తెల్లబడి, తరవాత ఒరిసిపోయి, ఎర్రగా విచ్చుకునేవి. గోళ్ళ పక్కన చీము. వాటి మీదే మళ్ళీ బూడిద, మళ్ళీ చింతపండు.

నేను వచ్చిన కొత్తలో ఒక సంగతి గమనించాను. వదిన అందరూ తిన్నాక, పొయ్యి వైపు తిరిగి, ఒక చెంచాతో తినేది. ఉత్త మజ్జిగన్నం. పప్పు గాని పులుసు గాని వేసుకునేది కాదు. తెలుగు ఇంట్లో చెంచాతో తినే ఆడమనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఒకరోజు అడిగాను.

"ఉప్పూ కారం తగిల్తే మంట బాబూ," అంది. "వండీది నానే. నాకే పనికిరాదు."

డిస్పెన్సరీకి తీసుకెళ్ళాను. డాక్టరు చేతులు తిప్పి చూసి, మందు రాసిచ్చి, ముఖ్యమైన మందు మాత్రం నీళ్ళలో నానకుండా ఉండటమే అన్నాడు. ఇలాగే ఉంటే వేళ్ళకి ప్రమాదం అని కూడా చెప్పాడు. ఆ మాట ఇంటికొచ్చి అన్నయ్యకి చెప్పాను. ఆయన పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు.

"నీళ్ళు ముట్టుకోకండా ఆడది ఉంతాదేటి? ఆ డాక్టరు కూడు ఎవులు వండుతారో కనుక్కోలేకపోయావా," అన్నాడు.

ఉపాయం చెప్పింది పక్కింటి భాభీ. ఆరా వైపు హిందీ మనిషి. వాళ్ళ ఇంట్లో శనివారం శనివారం ఖిచ్డీ తప్పనిసరి, అది వాళ్ళ ఆచారం. ఆ ఒక్కరోజు ఆమె కొళాయి దగ్గరికి ఒక్క గిన్నెతో వచ్చి, అయిదు నిమిషాల్లో లేచిపోయేది. వదిన తన గిన్నెల గుట్ట ముందు కూర్చుని అది చూసేది. "ఆజ్ శనీచర్ హై నా బహినీ. ఏక్ హండీ, ఔర్ ఛుట్టీ," అని భాభీ నవ్వుతూ పోయేది. ఆ రోజు కుండ ఒక్కటే, తరవాత సెలవు.

"వారానికి ఏడు శనివారాలుంటే బాగున్ను," అంది వదిన నాతో. తరవాత వారం నిజంగానే పెట్టేసింది.

అయితే భాభీ ఖిచ్డీ బియ్యం, పప్పు, పసుపు అంతే. వదిన దానితో ఊరుకోలేదు. పిల్లలకి పప్పు అందాలి, ఆకు అందాలి, కాయ అందాలి, క్రేను ఎక్కే మనిషి కడుపు నిండాలి. పెద్ద డేగిసా తీసి దాని అడుగుకి బయట వైపు పల్చగా బంకమట్టి పూసేది. అలా పూస్తే మసి గిన్నెకి పట్టదు, తడి చేత్తో రాస్తే మట్టితో పాటే ఊడొస్తుంది. ముందు ఆ గిన్నెలోనే నూనె, జీలకర్ర, అల్లం, మిరపకాయలు. పోపు గరిటె తోమే పని తప్పింది. తరవాత నానబెట్టిన శనగలు, కందిపప్పు. అవి సగం ఉడికాక బియ్యం. ఆ మీద ఆనపకాయో వంకాయో బంగాళాదుంపో. ఉడుకుతున్న అన్నం మీద కడిగిన గుడ్లు అలాగే పెంకులతో పెట్టి మూత వేసేది. దించే ముందు తోటకూరో బచ్చలో తుంచి వేసేది.

"ఆకుకూర ఆకరున ఎయ్యాల. మొగోళ్ళ సలహా అసలెయ్యకూడదు," అనేది.

తినడానికి కంచాలు కూడా తీసేసింది. అడవి పల్లెల నుంచి ఆదివాసీ ఆడవాళ్ళు సాల చెట్టు ఆకులు కుట్టి బజారుకి తెచ్చేవారు. ఆ విస్తళ్ళు కట్టలు కట్టలు కొని పెట్టింది. తిన్నాక ఆకు మడిచి ఆవుకి పారేస్తే చాలు. డేగిసా నిప్పులు చల్లారుతున్న పొయ్యి మీదే ఉండేది. ఎవరు ఏ వేళకి వచ్చినా వేడి.

మొదటి రోజు ఆకులో అది చూసి నాకే వెగటు పుట్టింది. పచ్చగా, ముద్దగా, ఎవరో ఒకసారి తిని వదిలినట్టుంది. వాసన మాత్రం బాగుంది. ఒక ముద్ద పెట్టుకున్నాక ఆకు ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. అన్నయ్య మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చి, "ఇదేటి?" అన్నాడు. తిన్నాడు. మళ్ళీ పెట్టమని ఆకు ముందుకి తోశాడు. ఆఖరున వేలితో ఆకు తుడిచి నాకాడు. ఆ తరవాత రెండేళ్ళకి పైగా రోజూ అలాగే నాకాడు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఒక చలికాలం గడిచేసరికి వదిన వేళ్ళు మానాయి. ఒకరోజు నేను తింటుండగా ఆమె తనకీ ఒక ఆకు వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. చెంచా లేదు. చేత్తో కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, కాసేపు ఆగింది. మంట వస్తుందేమోనని చూసుకుంటోందని నాకు అర్థమైంది. మంట రాలేదు. "కారం తక్కువేసీసినాను," అని నవ్వి, మిరపకాయ కొరుక్కుంది.

ఆ రోజుల్లో రాత్రి భోజనాలు అయ్యాక వసారా మెట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. "ఏటి సేత్తన్నావు వొదినా?" అంటే, "ఏటీ సెయ్యట్లేదు బాబూ," అని జవాబిచ్చేది. ఆ మాట ఆమె ఎంత ఇష్టంగా అనేదో నాకు రాయడం చేతకాదు.

తరవాత మా మేనత్త దిగింది. ఇచ్ఛాపురం దగ్గర పల్లె ఆమెది. కంటి ఆపరేషను కోసమని వచ్చి, ఆపరేషను అయ్యాక కూడా ఉండిపోయింది. మొదటి రాత్రి ఆమె ముందు ఆకు వేయగానే మొదలుపెట్టింది.

"ఇదేటే కోడలా, ఈ ఇంట్లో ఎవులైనా పోయారేటి, ఆకులో ఎడతన్నావు?"

"తోమీ గిన్నెలు తగ్గుతాయని అత్తా. నా సేతులు బాగుండవు."

"సేతులు బాగులేపోతే మొగుడికి కుడితి పోత్తావేటి? మా ఊళ్ళో గేదెలు కూడా తవుడు యేరే, సిట్టు యేరే అడుగుతాయి."

అందరం అన్నయ్య వైపు చూశాం. ముందు రోజే ఆకు నాకిన మనిషి. ఒక్కసారి మేనత్త మొహం చూసి, ఆకు కాలితో అవతలికి తోశాడు.

"నానూ అదే అంటన్నాను అత్తా. పొద్దల్లా క్రేను తోలి ఇంటికొత్తే నాకు దొరికీది ఈ కుడితి."

నేను చాలా రోత పనులు చూశాను. కొట్లో తూకంలో మోసం చూశాను, అప్పులవాళ్ళు తిట్టుకోవడం చూశాను. కానీ తన నాలుక రుచి చూసి మెచ్చుకున్నదాన్ని పదిమంది ముందు కాలితో తోసిన ఆ మొహం లాంటిది ఇంకొకటి చూడలేదు. వదిన ఆకు తీసి మడిచి పక్కన పెట్టింది. మర్నాటి నుంచి మళ్ళీ పప్పు, కూర, పులుసు, పచ్చడి. మేనత్తకి కారం లేని కూర వేరే. వచ్చేపోయే వాళ్ళ కోసం అదనంగా ఇంకోటి.

వర్షాలు పడే రోజులు. తడి ఆరదు. వేళ్ళు మళ్ళీ విచ్చుకున్నాయి. కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. "గోరుచుట్టుకేటి, నిమ్మకాయ తొడిగీ, అదే పోతాది," అంది మేనత్త. నిమ్మకాయ తొడుక్కునే వదిన గిన్నెలు తోమింది. వేలు నల్లబడి, వాసన వచ్చి, జ్వరం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆలస్యమైందన్నారు. మొదటి కణుపు దాకా తీసేశారు.

అన్నయ్య బయట బీడీ కాలుస్తున్నాడు. రక్తం చూడలేనన్నాడు. లోపల వదిన భుజం పట్టుకుని నేను నిలబడ్డాను. ఆమె అరవలేదు. "పొయ్యి మీద ఏటైనా ఎట్టీసి వచ్చీసినానా బాబూ?" అని అడిగింది.

ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇల్లు ఎలా ఉందో కూడా రాయాలి. మేనత్తకి మోకాళ్ళు నొప్పి. అన్నయ్య హోటలు నుంచి క్యారియరు తెచ్చాడు, అంటే గిన్నెలు ఇంకో అయిదు పెరిగాయి. ఎవరూ ఏదీ కడగలేదు. పులుసు గిన్నెలో తెల్లటి బూజు దూదిలా పొంగింది. అన్నం గిన్నెలో బొద్దింకలు. ఇంట్లో వాసన భరించలేక అన్నయ్య మంచం వసారాలోకి జరుపుకున్నాడు గాని, గిన్నె జరపలేదు. నేను కొట్టు నుంచి వచ్చి బండ దగ్గర కూర్చున్నాను. సందులో పోతున్న ఒకాయన, "క్యా బాబూ, నౌకరీ బదల్ లియే క్యా?" అని నవ్వుతూ అడిగాడు. ఉద్యోగం మారలేదని చెప్పాను. గిన్నెలు అయ్యేసరికి నా వేళ్ళు మండాయి. ఒక్క పూటకే మండాయి.

వదిన కట్టుతో ఇంటికొచ్చిన రోజు ఇంకా చెప్పులు విడవలేదు. మేనత్త అడిగింది, "వచ్చినావేటి. రాత్రికి ఏటి వండుతావు? నోరు సప్పగా సచ్చిపోయింది."

వదిన ఎడమ చేత్తో డేగిసా దించింది. అడుగుకి మట్టి పూసింది. పొయ్యి అంటించమని నాకు చెప్పింది. అప్పుడు అందరి వైపు తిరిగింది.

"ఈ ఇంట్లో రాత్రికి ఒక్క గిన్నే. తినీవోలు తినండి, ఒల్లనోలు ఓటలుకి పొండి. నాకింక తొమ్మిదే మిగిలున్నాయి," అని చెయ్యి పైకెత్తి చూపించింది.

అన్నయ్య గొణిగాడు. ఆకలికి తిన్నాడు. మేనత్త వారం తిరక్కుండా ఊరెళ్ళిపోయింది. కొన్నేళ్ళకి నేను పని మీద ఇచ్ఛాపురం వెళ్ళి ఆమెని చూశాను. రాత్రికి ఆమె పొయ్యి మీద ఒక్క కుండ ఉంది, అందులో బియ్యం, పప్పు, ఆనపకాయ కలిసి ఉడుకుతున్నాయి. నేను కుండ వైపు చూడటం చూసి, "పళ్ళు లేవు మరి," అంది.

ఆ రోజు నుంచి పోయేదాకా వదిన మాట తప్పలేదు. చుట్టాలొస్తే అన్నయ్య, "డాక్టరు నన్నిదే తినమన్నాడు," అని తన గొప్పలా చెప్పుకునేవాడు. తెలుగు ఆడవాళ్ళు కొందరు "వంట రాని మనిషి" అని చాటుగా అనేవారు. వదినకి తెలుసు. "తిన్నోడు లెగిసి పోతాడు బాబూ. తిన్న గిన్నె నాకాసి సూత్తాది. నా బాధ గిన్నెతోనే గాని ఆలతో కాదు," అనేది. పెళ్ళి కాని నేను కద్మాకి మారాక నా గదిలో నేనూ అదే వండుకుంటున్నాను. బతకడానికి చాలిన చదువు నాకు కాగితాలు నేర్పాయి, తినడం ఆమె నేర్పింది.

పెద్దకర్మ మేనత్త చెప్పినట్టే జరిగింది. గారెలు, బూరెలు, పులిహోర, అన్నీ. ఒకప్పుడు కుడితి అన్న నోళ్ళు తెరుచుకుని మూసుకుంటున్నాయి. పులుసు మూతి మీంచి కారుతుంటే తుడుచుకుంటూ, "మారాణిలా పోయింది," అంటున్నారు. త్రేన్పులు. విస్తళ్ళలో సగం సగం కొరికిన బూరెలు. నేను నా విస్తరి మడిచి లేచాను.

జనం పల్చబడ్డాక అన్నయ్య నా పక్కన కూర్చుని తమలపాకు నములుతూ అన్నాడు, "ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ మాట సాగింది. కోడలికి సెప్పీసినాను, రేపట్నుంచి రాత్రికి మనింట్లో కూడా సరైన వంట ఉంతాది. నాలుగు రకాలు. ఇన్నేళ్ళు నోరు కట్టుకున్నాను."

కోడలంటే వాళ్ళ అబ్బాయి భార్య. ఖరగ్‌పూర్ పిల్ల. పెళ్ళయి ఏడాది కాలేదు. అబ్బాయి అక్కడే ఉన్నాడు. నేను వాడి వైపు చూశాను. "జానే దీజియే చాచా, ఘర్ కీ బాత్ హై," అన్నాడు వాడు, ఇంటి విషయం వదిలెయ్యమని.

నేను అన్నయ్యకి ఎప్పుడూ ఎదురు చెప్పినవాణ్ణి కాను. ఆ రోజు ఒక్క మాట అన్నాను.

"వొదిన వేలు కోసినప్పుడు నువ్వు బయట ఉన్నావు. నేను లోపలున్నాను."

ఆయన నమలడం ఆపాడు. కాసేపటికి మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు వినలేక లేచి సందులోకి నడిచాను.

కొళాయి దగ్గర కోడలు పిల్ల ఒక్కతే ఉంది. అద్దెకి తెచ్చిన గంగాళాలు, మూకుళ్ళు, బకెట్లు ఆమె చుట్టూ గోడలా పేర్చి ఉన్నాయి. ఆమె తల మాత్రమే కనిపిస్తోంది. భోజనాలైనవాళ్ళు పంచెలు ఎత్తి పట్టుకుని, జిడ్డునీళ్ళు తగలకుండా ఆమె పక్కనుంచి దాటుకుని పోతున్నారు. నేను ఎదురుగా కూర్చుని ఒక మూకుడు లాక్కున్నాను.

"ఒద్దు చిన్నమామయ్యా, అందరూ చూత్తన్నారు," అంది.

"చూడనీ అమ్మా," అన్నాను.

కాసేపటికి కొళాయి నీళ్ళు సన్నబడి ఆగిపోయాయి. వేళ అయిపోయింది, ఇక రేపు పొద్దున దాకా రావు. బూడిద పూసిన గిన్నెలు చుట్టూ అలాగే ఉన్నాయి. ఆ పిల్ల చేతులు కొంగుకి తుడుచుకోబోయి ఆగింది. తుడిస్తే మండుతోంది కాబోలు. రెండు చేతులూ ముందుకి చాపి, వేళ్ళు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, గాలికి పట్టుకుని కూర్చుంది.